మామ మునగకుండానే పోయాడు. మరి రక్షణ సంగతి?

  ఈసారి పోస్టు పొడవుగా ఉంది. చదివి తిట్టాలనిపిస్తే తిట్టండి, సగం చదివి మాత్రం తిట్టకండి.

మొన్న చలికాలంలో మన వాడలో ఒక పెద్దాయన పోయాడు. పేరు రాయను, ఇంటివాళ్లు వద్దన్నారు. చిన్నవాళ్లందరికీ ఆయన మామే. ఇరవై ఏళ్లకు పైగా ఆదివారం ఆరాధన తప్పలేదు. చదువు రాదు కానీ కీర్తనలు పుస్తకం చూడకుండా పాడేవాడు. మిరప ఏరే రోజుల్లో కూడా ముందు ప్రార్థన, తర్వాతే చేను. ఒక్కటే లోటు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు.

పోయిన రోజు సమాధుల తోటలో చోటు అడిగితే అక్కడి పెద్దలు రిజిస్టరు తీశారు. "పేరు లేదు. బాప్తిస్మం లేనోళ్లను ఇక్కడ పెట్టం" అన్నారు. పాలోళ్ల దగ్గరికి వెళితే, "ఇన్నేండ్లు గుడి మొఖం చూడలే. ఇయ్యాల మేం యాదికొచ్చినమా?" అన్నారు. పొద్దున పోయిన మనిషి పొద్దుగూకే దాకా వాకిట్లోనే ఉన్నాడు. చివరికి ఆయన చేను గట్టు మీదే గుంట తవ్వి పెట్టాం. ప్రార్థన చేసింది పాస్టరు కాదు, మనలోనే ఒకరం.

మూడో రోజు అత్త నన్ను పిలిచి ఒకటే అడిగింది. "అల్లుడా, మీ మామ ఇప్పుడు ఏడ ఉన్నట్టు? మునగలేదని దేవుడు గూడ వద్దంటడా?"

నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో కూడా చెప్పాలి. మామ ఆగడానికి కారణాల్లో నేనూ ఒకణ్ణి.

మన సంఘంలో ఫారాలు నింపే పని చాలా ఏళ్లుగా నాదే అని మీకు తెలుసు. మామ చిన్న బిడ్డకు నర్సింగ్ సీటు కోసం కాస్ట్ వాలిడిటీ కావాల్సి వచ్చింది. మహారాష్ట్రలో జాతి దాఖలా ఒక్కటే సరిపోదు, దాని మీద వాలిడిటీ కూడా ఉండాలి. మన షెడ్యూల్డ్ కులాల వాళ్లయితే 1950 ఆగస్టు 10కి ముందునుంచి ఇక్కడివాళ్లమని కాగితం చూపాలి. తాతల కాగితాలు ఏటికి అటు ఒకటి, ఇటు ఒకటి ఉన్న మన తెలుగోళ్లకు అదెంత తిప్పలో చెప్పక్కర్లేదు. అప్పుడు మామ నన్ను అడిగాడు, "ఈ ఎండాకాలం మునుగుదామనుకుంటున్న, ఏమంటవ్?" నేను, "ఆగు మామ, బిడ్డ వాలిడిటీ వచ్చినంక చూద్దాం" అన్నాను. ఆయన ఆగాడు. వాలిడిటీ వచ్చింది. ఆలోపే పక్షవాతం వచ్చింది. తర్వాత ఏట్లోకి దిగే ఓపిక ఆయనకు రానే లేదు.

అందుకే రక్షణకు బాప్తిస్మం తప్పనిసరా అన్నది నాకు పుస్తకాల చర్చ కాదు. నేను పాస్టర్ని కాను, వేదాంత కళాశాలకు పోలేదు. కానీ అత్తకు జవాబు బాకీ ఉన్నాను. ఈ నెలల్లో చదివిందీ, అడిగి తెలుసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను.

ముందుగా, క్రైస్తవులంతా దీని మీద ఒకే మాట మీద లేరు. కతోలికులు జ్ఞానస్నానం అంటారు. రక్షణకు అది అవసరమనే వాళ్ల సంఘం బోధిస్తుంది. అయితే అదే బోధలో, ఆ నియమం మనుషులకే గానీ దేవుడి చేతులు కట్టేయదని కూడా ఉంది. జ్ఞానస్నానం కోరుకుని అందకముందే పోయినవాడికి ఆ కోరికే లెక్కకు వస్తుందంటారు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడికి ఆ రక్తమే స్నానమంటారు. చావు ముంచుకొస్తే గురువు కోసం ఆగక్కర్లేదు. సంఘం ఉద్దేశంతో ఎవరు నీళ్లు పోసి త్రిత్వనామం చెప్పినా చెల్లుతుంది.

గుంటూరు, రాజమండ్రి వైపు బలంగా ఉన్న లూథరన్లు 1530 నాటి తమ ఒప్పుకోలు ప్రకారం బాప్తిస్మం అవసరమనే అంటారు. మన సిరొంచకు 19వ శతాబ్దం చివర్లో వచ్చిన మిషన్ మెథడిస్టులది. వాళ్లు పసిపిల్లలకూ బాప్తిస్మం ఇస్తారు, దాన్ని దేవుని కృపకు గుర్తుగా చూస్తారు. బాప్టిస్టుల పేరులోనే బాప్తిస్మం ఉంది. కానీ నమ్మినవాడు లోబడి చేసే పని అంటారే తప్ప, ఆ మునక వల్లే రక్షణ వస్తుందనరు. క్రీస్తు సంఘాల వాళ్లలో చాలామంది పాపక్షమాపణ బాప్తిస్మంతోనే అంటారు. ఇంకో చివర రక్షణ సైన్యం ఉంది. కోస్తా జిల్లాల్లో వాళ్ల ఆసుపత్రులు, బడులు చాలామందికి తెలుసు. వాళ్లు 1883 నుంచి బాప్తిస్మం ఆచారమే పాటించడం లేదు. అయినా వాళ్లు క్రైస్తవులు కారని ఎవరైనా అనగలరా?

వీళ్లందరి చేతుల్లో ఉన్నది ఒకే బైబిలు. అందులో రెండు వైపులా బలమైన మాటలున్నాయి. నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడతాడని మార్కు చివరి అధ్యాయంలో ఉంది. నీటివల్ల, ఆత్మవల్ల పుట్టాలని యేసు నీకొదేముతో అన్నాడు. పెంతెకొస్తు రోజున పేతురు జనంతో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకోమన్నాడు. ఇవి చిన్న మాటలు కావు. "గుండెలో ఉంటే చాలు, నీళ్లెందుకు" అనేవాళ్లు వీటిని దాటేసి పోలేరు.

రెండో వైపు చూడండి. సిలువ మీద దొంగకు ఏ నీళ్లూ లేవు, ఆ రోజే పరదైసు దొరికింది. కొర్నేలి ఇంట్లో పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ దిగింది, బాప్తిస్మం ఆ తర్వాత. తాను బాప్తిస్మం ఇవ్వడానికి కాదు, సువార్త చెప్పడానికి పంపబడ్డానని పౌలే కొరింథు వాళ్లకు రాశాడు. ఇంకొక చిన్న గమనిక. మార్కులోని అదే మాట రెండో సగంలో శిక్ష ఎవరికి అంటే నమ్మనివాడికి. బాప్తిస్మం లేనివాడికని అక్కడ లేదు.

బాప్తిస్మం వాయిదా వేసుకునే అలవాటు మనతో మొదలు కాలేదు. రోము చక్రవర్తి కాన్‌స్టాంటైన్ అంతటివాడు 337లో చావు మంచం మీద బాప్తిస్మం తీసుకున్నాడు. మామ సంగతికి ఇంకా దగ్గరగా ఉన్నది 392 నాటి ముచ్చట. చక్రవర్తి రెండో వలెంటీనియన్ ఇరవై ఏళ్లు దాటిన కుర్రవాడు. వచ్చి బాప్తిస్మం ఇవ్వమని మిలాను బిషప్పు అంబ్రోజుకు కబురు పంపాడు. బిషప్పు దారిలో ఉండగానే కుర్రవాడు చనిపోయాడు. చెల్లెళ్లు మన అత్త లాగే ఏడ్చారు. సమాధి దగ్గర అంబ్రోజు వాళ్లకు ఇచ్చిన ఓదార్పు ఏంటంటే, మీ అన్న అడిగాడు, అడిగినవాడికి దేవుడు ఇచ్చి ఉంటాడని. ఆ మాట అన్నది బాప్తిస్మాన్ని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. దాని గొప్పతనం గురించి గ్రంథాలు రాసిన మనిషి.

మన తెలుగు నేల మీద ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉంది. 1876 నుంచి 1878 దాకా ధాత కరువులో ఒంగోలు ప్రాంతం మాడిపోయింది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత పొడవు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇచ్చాడు. ఆ పనిలో సువార్త విన్నవాళ్లు బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం మునిగారన్న మాట రాకూడదని దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం అడుగుతూనే ఉంటే అప్పుడు మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఆ 2,222 అంకెను మన పాస్టర్లు ప్రసంగాల్లో చాలాసార్లు చెబుతారు. 15 నెలల సంగతి అంతగా చెప్పరు. నాకు ఆ 15 నెలలే ముఖ్యం. కరువు, కలరా కలిసి మనుషుల్ని ఊడ్చేసిన కాలమది. బాప్తిస్మం లేకుండా పోయినవాడు పోయినట్టే అని నిజంగా నమ్మే మనిషైతే, అలాంటి కాలంలో ఆ తలుపు ఒక్క పూటైనా మూయగలడా? రాత్రింబవళ్లు ముంచుతూనే ఉండేవాడు. ఆయన ఆపగలిగాడంటే, నమ్మకం దేవుడి దగ్గరికి ముందే చేరుతుందని, నీళ్లు తర్వాత వచ్చినా ఆయన కాదనడని తెలిసే ఆపాడు. ఇది నా లెక్క. తప్పయితే చెప్పండి.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన తెలుగువాడు కూడా ఉన్నాడు. కృష్ణా జిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు గారు బడిపంతులు. 1942లో తనకు క్రీస్తు దర్శనమైందని చెప్పారు. పాటలు రాశారు, రోగుల కోసం ప్రార్థించారు, చుట్టూ ఎంతోమంది చేరారు. బాప్తిస్మం మాత్రం అవసరం లేదని గట్టిగా చెప్పారు, పాదిరీల మీద విరుచుకుపడ్డారు. ఆయన భక్తిని నేను శంకించను. కానీ ఆయన దారి మామ దారి కాదు. సుబ్బారావు గారు వద్దన్నారు. మామ కావాలనుకున్నాడు, భయపడి ఆగాడు. ఈ రెండింటినీ ఒకే రిజిస్టరులో "లేదు" అని రాయడమే నాకు అన్యాయంగా కనిపిస్తుంది. దొరకకపోవడం వల్ల ఎవరూ చెడరు, తోసిపుచ్చడం వల్ల చెడతారు అని చర్చి పెద్దలు పాతకాలం నుంచీ చెబుతూ వచ్చిన సూత్రం ఇదే.

ఈ మాట ఒక తమ్ముడితో అన్నాను. అతను పాస్టరు, మంచివాడు, దాచకుండా మాట్లాడతాడు. "అన్నా, తాళి గట్టకుంట ఇరవై ఏండ్లు కాపురం జేసినోన్ని పెండ్లయినోడంటవా? దేవుడు తియ్యమన్నడు, తియ్యలే. దారిలో సచ్చిపోయిండా? ఇంట్లనే గూసున్నడు గదా!" అన్నాడు.

గట్టి ప్రశ్న. సిలువ మీద దొంగకు దిగే వీలు లేదు, వలెంటీనియన్‌కు సమయం దొరకలేదు. మామకు ఏరు ఇంటికి అరమైలు. ఇరవై ఎండాకాలాలు వచ్చిపోయాయి. కాబట్టి "పాపం, దొరకలేదు" అని మామ తరఫున నేను వాదించలేను. ఆయన్ని ఆపింది భయం. మొదట పాలోళ్ల భయం, తర్వాత దాఖలా భయం, చివరికి నా సలహా.

భయపడిన శిష్యుడి సంగతి బైబిల్లో లేదా? ఉంది. నీకొదేము రాత్రిపూట వచ్చాడు. పేతురు చలిమంట దగ్గర బొంకాడు, తర్వాత అతనికే మంద అప్పజెప్పాడు యేసు. అందరికన్నా నాకు గుర్తొచ్చేది అరిమతయి యోసేపు. యూదులకు భయపడి రహస్యంగా శిష్యుడిగా ఉన్నవాడని యోహాను సువార్త ఆయన గురించి చెబుతుంది. బాప్తిస్మం తీసుకున్నాడా లేదా అన్నది రాయలేదు. కానీ శిష్యులు చెదిరిపోయిన పూట పిలాతు దగ్గరికి వెళ్లి శవాన్ని అడిగింది ఆ భయస్తుడే. తన కోసం తొలిపించుకున్న సమాధిలో యేసును పెట్టింది ఆయనే. భయపడిన శిష్యుడు ప్రభువుకు సమాధి ఇచ్చాడు. ప్రభువు పేరు చెప్పుకునే మనం భయపడిన శిష్యుడికి ఆరడుగులు ఇవ్వలేకపోయాం.

ఇంతకీ నా అభిప్రాయం ఏంటి? బాప్తిస్మం యేసు ఆజ్ఞ. నేను తీసుకున్నాను, ప్రాణహితలోనే, మన అవ్వలు పుష్కర స్నానం చేసే రేవుకు కాస్త దిగువన. నా పిల్లలకూ తీసుకోమనే చెబుతాను. అది ఉత్త ఆచారం కాదు. నలుగురి ముందు "నేను ఈయన వాణ్ణి" అని చెప్పే మాట. బతికున్నవాడికి అది అవసరం. కానీ చచ్చిపోయినవాడి మీద తీర్పు రాయడానికి దాన్ని కొలబద్దగా ఎవరూ మన చేతికి ఇవ్వలేదు. ఆజ్ఞను తేలిక చేయకూడదు. అలాగని కృపకు తాళం వేసి తాళంచెవి రిజిస్టరులో పెట్టుకోకూడదు.

ఇప్పుడు దాఖలా సంగతి, ఇది మనందరిదీ. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఆ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇంకా బయటే. గోండు, మాడియా వంటి షెడ్యూల్డ్ తెగలకు ఈ మతం షరతు లేదు. ఒకే వాడలో ఒకే చర్చికి పోయే ఇద్దరికి చట్టం రెండు రకాలుగా ఉంటుంది. మతం మారితే అంటరానితనం పోతుందని అనుకోవడం తప్పు. చర్చిల్లోనే వేరు వేరు సమాధుల తోటలున్న ఊళ్లు మన దేశంలో ఉన్నాయి. ఈ షరతు తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మళ్లీ ఇంకో కమిషన్ వేసింది. షరతు పోవాలనే నేనూ అంటాను.

అయితే "మునగకపోతే దాఖలాకు ఢోకా లేదు" అని మన దగ్గర నడిచే మాట సగమే నిజం. చట్టం నీళ్లను అడగదు, ఏ మతం అవలంబిస్తున్నావని అడుగుతుంది. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు బాప్తిస్మాన్నే కాదు, క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆమె వాదన కొట్టేసింది. అంటే మామకు నేనిచ్చిన సలహా చట్టంలోనూ గట్టిది కాదు. ఆత్మకూ మంచిది కాదు. నమ్మిన దాన్ని దాచుకోమని ఒక ముసలాయనకు నేర్పాను. దానికి ఇక్కడే, మీ అందరి ముందే క్షమాపణ చెబుతున్నాను.

ఇంద్రావతికి అవతల బస్తర్‌లో ఏం జరిగిందో మీరు చూశారు. 2025 జనవరిలో ఒక పాస్టరు శవం ఊళ్లో పెట్టనివ్వక దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పి, చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవుల శ్మశానంలో పెట్టమన్నారు. అక్కడ తలుపు మూసింది బయటివాళ్లు. ఇక్కడ మామకు మూసింది మనవాళ్లే, రెండు వైపులా.

అందుకే వచ్చే సమావేశంలో మూడు విషయాలు పెడతాను. ఒకటి, మతం అడగని ఉమ్మడి శ్మశాన భూమి కోసం సంఘం తరఫున నగర పంచాయతీకి అర్జీ. చర్చి వాళ్ల తోట చర్చి వాళ్ల ఇష్టం, దానితో నాకు తగువు లేదు. మన సభ్యుడు ఎవరైనా చనిపోతే పొద్దుగూకే దాకా వాకిట్లో ఉండకూడదు, అంతే. రెండు, ఫారాలు నింపే మేమెవ్వరమూ ఇకనుంచి "దాచుకో" అని గానీ "ఆగు" అని గానీ చెప్పకూడదు. చట్టం ఎట్లా ఉందో ఉన్నదున్నట్టు చెప్పి, నిర్ణయం ఆ మనిషికే వదలాలి. మూడు, మంచాన పడినవాళ్లు బాప్తిస్మం కావాలంటే ఎండాకాలం కోసం, ఏటి నీళ్ల కోసం చూడకుండా అదే రోజు వాళ్ల పాస్టరుకో, గురువుకో కబురు చేయాలి. చెంబెడు నీళ్లు చాలనే సంఘాలు కూడా ఉన్నాయి.

నిన్న అత్త దగ్గరికి వెళ్లాను. ఇదంతా చెప్పలేదు. "అత్తా, మామ అడిగిండు. ఆపింది మేము. అడిగినోన్ని దేవుడు వాకిట్ల నిలబెట్టడు" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నన్నెప్పుడు ముంచుతరు?" అంది.

వచ్చే ఆదివారం. రాగలిగిన వాళ్లు రేవు దగ్గరికి రండి, ఏ మతం వాళ్లయినా సరే.

తప్పులుంటే పెద్దమనసుతో దిద్దండి.